ప్రొఫెసర్ చేతిలో కఫన్

పోయిన వారం మనం సమాహ్‌ను మేడమెట్ల మీద వదిలి వచ్చాం. కింద వీధికి అడ్డంగా ఎర్రగళ్ళ గుడ్డలతో షామియానా లేస్తోంది. శుక్రవారం నమాజు ముగిశాక ఆమె గురువు డాక్టర్ వగ్దీ తన కఫన్, శవానికి చుట్టే తెల్లగుడ్డ, తానే మోసుకుంటూ దాని కిందికి వస్తాడని కోమ్ సవాఖీ ఊరంతా కాచుకుని ఉంది. సరిగ్గా అప్పుడే అస్వాన్ ప్రయోగశాల నుంచి స్నేహితురాలు నిర్మీన్ ఫోన్ చేసింది. ఖల్లాఫ్‌ను కుట్టి చంపిన తేలు డీఎన్ఏ ఫలితం వచ్చిందనీ, పంపుతున్నాననీ, సభలోకి వెళ్ళే ముందు తప్పకుండా చూసుకోమనీ చెప్పింది. ఇంకేదో చెప్పబోయింది. సమాహ్ వినలేదు. నాకు తెలుసులే, పంపితే చాలు అని ఫోన్ పెట్టేసింది.

తెలుసనే అనుకుంది మరి. ఆ తేలు దక్షిణపు లోయలదని, దానికి కంపెనీ మందు పనిచెయ్యదని, ఆ సంగతి దాచిపెట్టింది వగ్దీయేనని ఆమె నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. అందుకే ఆ ఒక్క ఫలితాన్నీ చివరికి అట్టిపెట్టుకుంది. నలుగురిలో, అతని మొహం మీద విసిరికొట్టడానికి.

ఖల్లాఫ్ ఆమెకు ఒక్కగానొక్క తమ్ముడు. తేళ్ళు పట్టడం ఆ ఇంట్లో తాతల నాటి విద్య. రిఫాయీ ఫకీర్ల వంశం వాళ్ళది. ఆ ఇళ్ళలో పిల్లలు పాముకు బెదరరు, తేలుకు బెదరరు. ఆ విద్య చేతబట్టుకునే సమాహ్ పెద్ద చదువులకు వెళ్ళింది. ఖల్లాఫ్‌కు చదువు అబ్బలేదు. బాబాయి దియాబ్ వెంట విషం తీసే కంపెనీలో చేరాడు. ఎడారి అంచున ఆ కంపెనీకి ఒక షెడ్డు ఉంది. గోడల పొడుగునా పెట్టెలు, పెట్టెల నిండా తేళ్ళు. వాటిని మేపేది దియాబ్. వాటి విషంతోనే విరుగుడు మందు తయారవుతుంది.

పోయిన ఏడు, ఎండలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, ఒక ఉదయం ఖల్లాఫ్ షెడ్డు దగ్గర బూటులో కాలు పెట్టాడు. అంతే. పుట్టిన దగ్గర్నుంచీ బూటు దులిపి తొడుక్కునే ఇంట్లో పెరిగినవాడు ఆ రోజు ఎందుకు దులపలేదో ఎవరికీ తెలియదు. ఆసుపత్రిలో మందు నిండుకుందంటే దియాబ్ ఉరుకులు పరుగుల మీద షెడ్డు ఫ్రిజ్ లోంచి సీసాలు పట్టుకొచ్చాడు. వరసగా ఎక్కించారు. ఒక్కటీ పని చెయ్యలేదు. మధ్యాహ్నపు అజాన్ వినపడే వేళకు ఖల్లాఫ్ కన్నుమూశాడు. ఆ తేలును సమాహ్ స్పిరిట్ సీసాలో వేసి దాచింది.

ఆ దుఃఖంలోనే ఆమె తన గురువు రాసిన పరిశోధనను మళ్ళీ తీసి చూసింది. సినాయి ఇసుకలో తిరిగే పసుపు తేలు, ఇక్కడి లోయల్లో తిరిగే పసుపు తేలు ఒకటే జాతి, ఒకదాని విషంతో చేసిన మందు రెండింటికీ సరిపోతుంది అని వగ్దీ తేల్చి చెప్పాడు. ఆ మాట పట్టుకునే కంపెనీ సినాయి తేళ్ళు ఒక్కటే పెంచి, ఆ మందే దేశమంతా అమ్మింది. వగ్దీ చూపిన రుజువు బార్‌కోడ్. దుకాణంలో సబ్బు డబ్బా మీది గీతలు చూసి మిషను అది ఏ సబ్బో చెప్పేస్తుంది కదా, అలాగే జీవి కణంలో ఒక చిన్న జన్యువు ఉంటుంది. తల్లి నుంచి పిల్లలకు వస్తుంది. అందులో అక్షరాల వరుస చదివితే అది ఏ జాతిదో, ఏ ప్రాంతం కొమ్మో చెప్పవచ్చు.

వగ్దీ దక్షిణపు తేళ్ళవని చూపిన బార్‌కోడ్‌లన్నీ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. సమాహ్‌కు ముల్లులా తగిలింది అదే. పక్క పక్క లోయల్లో ఉండే తేళ్ళకు కూడా అక్కడో అక్షరం, ఇక్కడో అక్షరం తేడా ఉంటుంది. ఇవేమో ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయి. ఆ చలికాలమంతా ఆమె లోయ లోయా తిరిగి తానే తేళ్ళు పట్టింది. వాటి వరుసలు వగ్దీ చూపిన వాటికి దరిదాపుల్లో కూడా లేవు. వంద అక్షరాల్లో పది వేరు. పిల్లీ పులీ ఒకటేనని చెప్పినట్టుంది వగ్దీ లెక్క. అతను దక్షిణానివని చూపినవి దక్షిణానివే కావు. షెడ్డు పెట్టెల్లో పుట్టి పెరిగిన సినాయి తేళ్ళవి.

ఆ సంగతి ఆమె తల్లికి చెప్పింది. తల్లి తఫీదా మరిదికి చెప్పింది. దియాబ్ గోడకున్న తుపాకీ దించి, వగ్దీ నెత్తురు చూసేదాకా గడ్డం గీసుకోనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ మాట సోహాగ్‌లో ఉన్న వగ్దీ వంశం దాకా పోయింది. వాళ్ళూ ఎగువ ఈజిప్టు సయీదీలే. రక్తానికి రక్తం అంటే ఏమిటో వాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. చివరికి రెండు వంశాలకూ మాట చెల్లే షేక్ అబూదూమ మధ్యలో పడి కఫన్‌కు ఒప్పించాడు. నేరస్థుడు తన శవానికి చుట్టే గుడ్డ తానే తెచ్చి, చనిపోయినవాడి మనుషుల చేతిలో పెట్టాలి. పెట్టాక వాళ్ళిష్టం. చంపినా అడిగేవాడు లేడు.

ఇక్కడిదాకా జరిగింది. ఇక ఆ శుక్రవారం మధ్యాహ్నం ఏం జరిగిందో వినండి.

నమాజు అయిపోయింది. మగవాళ్ళు షామియానా కింద రెండు బారులుగా నిలబడ్డారు. ఆడవాళ్ళు మేడల మీద ఉన్నారు, ఆచారం అది. తఫీదా ఒక్కతే ఆచారం పాటించలేదు. కఫన్ నా చేతిలో పెడితేనే పుచ్చుకుంటా, మగవాళ్ళ చేతిలో పెడితే అది మగవాళ్ళ కఫన్, నా కొడుకుది కాదు అంది. పెద్దలు గొణిగారు. అబూదూమ మాత్రం ఏమీ అనకుండా ఆమెకు కుర్చీ వేయించాడు. నేరమేమిటో చెప్పగలిగేది సమాహ్ ఒక్కతే గనుక ఆమెను కూడా తల్లి పక్కన నిలబెట్టారు. దియాబ్ షామియానా గుంజ దగ్గర ఉన్నాడు. భుజాన తుపాకీ, చేతిలో గొర్రెపోతు తాడు. క్షమిస్తే గొర్రె తెగుతుంది.

వగ్దీ వీధి మలుపు తిరిగాడు.

సమాహ్ అతన్ని సూటు లేకుండా ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు నెత్తి మీద టోపీ లేదు, కాళ్ళకు చెప్పులు లేవు. కాళ్ళ దాకా జారే తెల్ల అంగీ, గలాబియా ఒకటి తగిలించుకుని, చాచిన రెండు చేతుల మీద మడత పెట్టిన తెల్లగుడ్డతో నడుస్తున్నాడు. తివాచీల మీద తప్ప నడవని పాదాలు. కంకరరాయి గుచ్చుకున్నప్పుడల్లా మోకాళ్ళు వంగుతున్నాయి. పడకుండా ఉండాలంటే చేతులు దించాలి, చేతులు దించితే కఫన్ కింద పడుతుంది.

చూస్తుంటే సమాహ్‌కు గుండెలో చల్లగా ఉంది. ఈ మనిషి తలుపు బయట తను ఎన్నిసార్లు కాచుకుని నిలబడిందో గుర్తొచ్చింది. లోయల తేళ్ళు వేరేమోనని మొదటిసారి అనుమానం చెప్పినప్పుడు, నీకు తేళ్ళు పట్టడం వచ్చుగానీ తేళ్ళ గురించి మాట్లాడడం రాదమ్మా అని అందరి ముందూ నవ్వాడు. ఆ నవ్వు ఇప్పుడు ఎక్కడుందో వెతుక్కుంటున్నట్టు ఆమె అతని మొహం కేసే చూస్తోంది. ఇంకో రాయి గుచ్చుకోవాలని కోరుకుంది. గుచ్చుకుంది.

మేడ మీంచి ఒక ముసలామె, "తేలు కుట్టిన దొంగ నోరు మెదపడంటారు. వీడు ఇంకొకణ్ణి కుట్టించి నోరు మూసుకున్నాడు," అంది. ఎవరూ నవ్వలేదు.

వగ్దీ తఫీదా ముందుకొచ్చి మోకరిల్లాడు. ఏం నేరం చేశావో నీ నోటితో చెప్పు అన్నాడు అబూదూమ. వగ్దీ జన్యువులనీ, నమూనాలనీ, పొరపాటు నిర్ధారణ అనీ ఏదో మొదలుపెట్టాడు. తఫీదా చెయ్యెత్తి ఆపింది.

"క్లాసు చెప్పకు. నాకు తెలిసేట్టు చెప్పు."

వగ్దీ కళ్ళు కఫన్ మీదికి దించుకున్నాడు. తర్వాత అన్నాడు, "ఒక తేలు పేరు ఇంకో తేలుకి పెట్టానమ్మా. ఇక్కడి తేళ్ళు పరీక్ష చేశానన్నాను. చెయ్యలేదు."

"ఎందుకు చెయ్యలేదు?"

"కంపెనీవాళ్ళు తొందర పెట్టారు. లోయలు తిరిగే ఓపిక నాకు లేకపోయింది. ఎలాగూ రెండూ ఒకటే అయ్యుంటాయి, చూడడం దేనికి అనుకున్నాను."

"చూడడం దేనికి," అని తఫీదా ఆ మాటను రుచి చూస్తున్నట్టు మళ్ళీ అంది. "నా కొడుకు నీళ్ళు కావాలని అడిగాడు. గొంతు దిగలేదు. నోటి పక్కనించి కారిపోయినాయి. నేను చూశా. నువ్వు చూడలేదు."

వగ్దీ తల వంచుకున్నాడు. ఏడుస్తున్నాడేమో తెలియలేదు. ఏడ్చినా సమాహ్‌కు చాలదు. ఓపిక లేకపోయిందట. తను ఈ రోజు కోసం చలికాలమంతా రాళ్ళు ఎత్తి చూసింది. చేతులు పగిలి రక్తం కారినా ఎత్తింది. ఆ మనిషి ఇంత చిన్న మాటతో తప్పుకుంటే ఎలా?

ఆమె ముందుకొచ్చి ఫోన్ తీసింది. నిర్మీన్ పంపింది తెరవకుండానే అతని ముందు పట్టింది.

"ప్రొఫెసర్‌గారూ, ఇంకొక్కటి మిగిలింది. నా తమ్ముణ్ణి కుట్టిన తేలు ఇది. దీని బార్‌కోడ్ ఇవాళే వచ్చింది. నేను చదవను. మీరు చదవండి. ఈ తేలును మీరు లెక్కలోంచి కొట్టేశారు. అది ఏ జాతిదో, ఎక్కడిదో, గట్టిగా మీరే చదివి వినిపించండి."

అబూదూమ అడ్డు చెప్పబోయాడు. కఫన్ పట్టుకున్నవాణ్ణి ఇంకా అవమానించడం మర్యాద కాదు. తఫీదా అతని వైపు ఒక్క చూపు చూసింది. పెద్దాయన ఊరుకున్నాడు.

వగ్దీ కఫన్‌ను ఒడిలో పెట్టుకుని ఫోన్ అందుకున్నాడు. కళ్ళద్దాలు లేవు, తెర దూరంగా పట్టుకుని చదివాడు. మొదటి నుంచి చివరిదాకా చదివి, మళ్ళీ మొదటికి వచ్చాడు. అతని వేళ్ళ వణుకు ఆగిపోయింది. సమాహ్ అది గమనించింది. ఉరికంబం ఎక్కబోయేవాడి చెయ్యి స్థిమితపడడమేమిటి?

అతను తలెత్తి, ఆమెకు తప్ప ఎవరికీ వినపడకుండా, ఒకప్పుడు ప్రయోగశాలలో మాట్లాడినట్టే అన్నాడు.

"ఇది లోయ తేలు కాదు. నువ్వే చూడు."

ఆమె ఫోన్ లాక్కుంది. అక్షరాలు చూసింది, కింద నిర్మీన్ పెట్టిన పోలిక చూసింది. తను పట్టిన దక్షిణపు తేళ్ళలో ఏ ఒక్కదానితోనూ అది కలవలేదు. వగ్దీ దొంగ పేరుతో చూపిన తేళ్ళతో, షెడ్డు పెట్టెల్లోని సినాయి తేళ్ళతో, ఒక్క అక్షరం తేడా లేకుండా కలిసింది. కింద నిర్మీన్ ఒక వాక్యం రాసింది. రెండుసార్లు చేశాను సమాహ్, పొరపాటు లేదు.

సినాయి ఎక్కడ, కోమ్ సవాఖీ ఎక్కడ! మధ్యలో ఎంత ఎడారి, ఎంత కొండ, ఒక సముద్రపు పాయ. ఆ తేలు తన కాళ్ళ మీద నడిచి ఇక్కడికి రాలేదు. ఈ ప్రాంతం మొత్తంలో ఆ జాతి ఉన్నది ఒక్కచోటే, తాళం వేసిన పెట్టెల్లో. పెట్టె మూత తెరవకుండా అది ఖల్లాఫ్ బూటులోకి రాదు.

ఇంకొకటి కూడా ఆమెకు అప్పుడే తట్టింది. తట్టగానే షామియానా, జనం, ఎండ అన్నీ దూరంగా జరిగిపోయినట్టయింది. అది సినాయి తేలైతే కంపెనీ మందు దానికోసమే చేసిన మందు. ఒక్క సీసాతో ఖల్లాఫ్ లేచి కూర్చోవాలి. అన్ని సీసాలు ఎక్కించినా లేవలేదంటే ఆ సీసాల్లో ఉన్నది మందు కాదు.

పెట్టెల తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి? సీసాలు ఎవరు తెచ్చారు?

ఆమె తలెత్తకూడదనుకుంది. అయినా తల తనంతట తానే గుంజ వైపు తిరిగింది. దియాబ్ ఆమెనే చూస్తున్నాడు. గొర్రె తాడు మణికట్టుకు చుట్టుకుని ఉంది. ఒట్టు పెట్టుకున్న గడ్డం గుండెల దాకా పెరిగింది.

"ఏముంది తల్లీ అందులో?" అన్నాడు. "అందరికీ వినపడేట్టు చెప్పు. మీ నాన్న లేడని భయపడకు, నేనున్నాగా."

షామియానా కింద ఎవరూ కదలడం లేదు. నిజం చెప్పాలంటే ఒక్క మాట చాలు. ఆ మాట బయటికి వచ్చిందంటే ఏమవుతుందో కూడా ఆమెకు కనిపించింది. తుపాకీ అతని భుజానే ఉంది. సాక్ష్యమా, ఒక చచ్చిన తేలు, ఫోన్‌లో నాలుగు వరుసల అక్షరాలు. షెడ్డుకు ఇవాళే నిప్పంటుకుంటుంది. పెట్టెలు, ఫ్రిజ్, మిగిలిన సీసాలు అన్నీ బూడిదైపోతాయి. ఆ తర్వాత దియాబ్ ఏడుస్తూ ఖురాన్ మీద ప్రమాణం చేస్తాడు. ఊరు నమ్ముతుంది.

వగ్దీ కూడా దియాబ్ తుపాకీనే చూస్తున్నాడు. అతనికి కూడా అర్థమైంది. ఎంతైనా ఆమె గురువు.

"మన లోయ తేలే బాబాయ్," అంది సమాహ్. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "ఎవరికీ అనుమానం ఉండకూడదని ప్రొఫెసర్‌గారి చేత చదివిద్దామనుకున్నాను. ఏమండీ, అంతేగా? ఇంకేమైనా ఉందా?"

వగ్దీ ఆమె మొహంలోకి చూశాడు. తప్పించుకునే దారి అతని నాలుక చివరే ఉంది. కఫన్ మడతలు ఒకసారి సర్ది, మళ్ళీ చేతుల మీదికి ఎత్తుకున్నాడు.

"లేదు," అన్నాడు. "అమ్మాయి చెప్పిందే నిజం."

జనంలో ఒక నిట్టూర్పు లేచింది. దియాబ్ భుజాలు కిందికి దిగాయి. అది దుఃఖంలో ఉన్న మనిషి భుజాలు దిగడంలా లేదు. పెద్ద మూట దింపుకున్న కూలివాడిలా ఉంది. ఇన్ని నెలలుగా తను ఆ భుజం మీదే తల పెట్టుకుని ఏడ్చింది.

తఫీదా కుర్చీలోంచి లేచింది. వగ్దీ చాచిన చేతుల మీంచి కఫన్ తీసుకుంది. దాన్ని విప్పి, దులిపి, పొడుగు చూసింది. కొడుక్కి కొన్న గుడ్డ కూడా ఇంతే పొడుగుండేది కాబోలు. తర్వాత అందరూ వినేట్టు చెప్పింది. ఈ మనిషి ప్రాణం అతనికే వదిలేస్తున్నాననీ, అయితే అతను చేసిన పని ఎక్కడెక్కడ రాశాడో అక్కడల్లా తన పేరు పెట్టి తప్పని రాయాలనీ, లోయ తేలు కుట్టిన పిల్లలకు పనికొచ్చే మందు వచ్చేదాకా అతను పండుగ బట్ట కట్టకూడదనీ అంది. వగ్దీ ఆమె అరచేతి మీద నుదురు ఆనించి ఒప్పుకున్నాడు. అబూదూమ ఫాతిహా ప్రార్థన చదివించాడు.

దియాబ్ గొర్రెను పడుకోబెట్టాడు. అతని చెయ్యి ఎప్పుడూ తప్పదు. కత్తి ఒక్కసారే దిగింది. జనం అల్లాహు అక్బర్ అన్నారు. మంగలిని పిలవండిరా, ఇవాళ్టితో ఈ గడ్డం బాధ వదిలింది అని అతను నవ్వాడు. ఖల్లాఫ్ పోయిన తర్వాత బాబాయి నవ్వగా వినడం సమాహ్‌కు అదే మొదలు. ఆ నవ్వు చెవిన పడగానే ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. పగ తీరిన రోజు ఇలా ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. తీరడం కాదు, అది ఇల్లు మారింది. తన ఇంట్లోకే వచ్చి కూర్చుంది.

చేతిపంపు దగ్గర వగ్దీ పాదాలు కడుక్కుంటుంటే ఆమె చెంబు అందించే నెపంతో వెళ్ళింది. అతని అరికాళ్ళ నుంచి నెత్తురు నీళ్ళలో కలిసి పోతోంది.

"ఆ తేలుకి మా మందు పని చెయ్యాలి," అన్నాడతను తలెత్తకుండా. "తప్పకుండా చెయ్యాలి. సీసాలు ఎవరు తెచ్చారు?"

"నాకు తెలుసు."

"సమాహ్, నేను చేసిన అబద్ధం నాది. దానికి ఎన్ని ఊళ్ళలో చెప్పు లేకుండా నడవమన్నా నడుస్తాను. ఈ చావు నాది కాదు. దీన్ని నా నెత్తిన ఉంచకు. నాకూ కొడుకున్నాడు, రేపు వాణ్ణి ఎవరో ఒకరు వేలెత్తి చూపిస్తారు."

ఆమె చెంబు అతని చేతుల్లోంచి తీసుకుంది. "కొన్నాళ్ళు మొయ్యండి ప్రొఫెసర్‌గారూ. ఒకదాని పేరు ఇంకోదానికి పెడితే మొయ్యడం ఎంత బరువో మీకు తెలియాలిగా. నేను చెప్పేదాకా నోరు విప్పారా, మీకు ఇచ్చిన ప్రాణం మా అమ్మ ఇచ్చింది, నేనివ్వలేదు."

సోహాగ్ నుంచి వచ్చిన బంధువులు అతన్ని చెరో రెక్క పట్టుకుని కారు దగ్గరికి తీసుకెళ్ళారు. కారు కనుమరుగయ్యేదాకా ఆమె చూసింది. గర్వపడాలో సిగ్గుపడాలో తెలియలేదు. తమ్ముడి పేరు మీద తను కూడా ఇవాళ నలుగురిలో తేలు పేరు మార్చి చెప్పింది. ఏ అబద్ధానికి ఒకణ్ణి మోకరిల్లజేసిందో ఆ అబద్ధమే ఆడింది. అయినా మళ్ళీ ఆడమంటే ఆడుతుంది.

ఇంట్లోకి వెళ్ళేసరికి తఫీదా వెనక గదిలో ఒంటరిగా ఉంది. ఖల్లాఫ్ గది అది. కఫన్ మంచం మీద పరిచి ఉంది. సమాహ్ గడప దాటగానే ఆమె అడిగింది.

"ఏం అబద్ధం చెప్పావు?"

"ఏ అబద్ధమమ్మా?"

"నిన్ను కన్నదాన్ని. నీ గొంతులో ఆ వంకర నాకు తెలియదా? ఆ గుడ్డ పట్టుకున్నవాడు ఫోన్ చూడకముందు వణికాడు, చూసినాక వణకలేదు. నువ్వేమో చూడకముందు నిబ్బరంగా ఉన్నావు, చూసినాక నీ పెదాలు పాలిపోయినాయి. మీ ఇద్దరిలో ఎవరి చావు మారింది?"

సమాహ్ మంచం మీది గుడ్డ కేసి తిరిగింది. తండ్రి ఆమెకు సమాహ్ అని పేరు పెట్టాడు. క్షమ అని అర్థం. ఆ ఇంట్లో ఆ మాట పేరుకు తప్ప దేనికీ వాడినట్టు ఆమెకు గుర్తులేదు. ఇప్పుడు చెబితే ఏమవుతుంది? రేపు ఒక్కతే షెడ్డుకు వెళ్ళి, మిగిలిన సీసాలు దొరికితే పరీక్ష చేయించి, పోలీసుల చేతిలో పెట్టి, అప్పుడు చెబుదామనుకుంది. ఆ మాటే తల్లితో అంది. కొంచెం ఆగమ్మా, ఇంకా ఒకటి రెండు చూసుకోవాలి అంది.

"చూడకుండా చెప్పే జాతి కాదు నువ్వు, నాకు తెలుసు," అంది తఫీదా. "అందుకే అడుగుతున్నా. ఆ తేలు ఎక్కడిది?"

"షెడ్డుది."

తఫీదా మంచం పట్టె పట్టుకుంది.

"పెట్టెల్లోదమ్మా. సినాయి తేలు. బయట తిరిగేది కాదు. ఆ మందు కూడా దానికి పని చెయ్యాల్సిందే. సీసాల్లో మందు ఉంటే."

ఇంకేమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు. తల్లి మొహంలో ఒక్కొక్క పొరే దిగిపోవడం ఆమె చూసింది. తఫీదా ఏడవలేదు. తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు, ఆ చావుకు ముందు గురువారం ఖల్లాఫ్ షెడ్డు నుంచి పెదవి చిట్లి వచ్చాడని చెప్పింది. ఏమిట్రా అంటే బాబాయి కొట్టాడన్నాడట. ఎందుకంటే చెప్పలేదట. అక్క వచ్చాక అక్కకే చెబుతానమ్మా, ఇది అక్కకు అర్థమయ్యే సంగతి అన్నాడట. మగవాళ్ళ మధ్య సవాలక్ష ఉంటాయి, ఇంటి పరువు వీధిన పెట్టడమెందుకని తను ఆ సంగతి ఎవరికీ చెప్పలేదంది. సమాహ్ ఆ వారం ఊరికి రాలేదు. వచ్చేసరికి తమ్ముడు మాట్లాడే స్థితిలో లేడు. సీసాల్లో మందు బదులు ఇంకేదో పోస్తున్నారని వాడు కనిపెట్టి ఉంటాడని ఆమెకు ఇప్పుడు అర్థమైంది.

బయట గొర్రె మాంసం వాటాలు వేస్తున్నారు. కత్తి మొద్దు మీద పడుతున్న చప్పుడు, దియాబ్ ఎవరికో పెద్ద వాటా వెయ్యమని చెబుతున్న గొంతు కిటికీలోంచి వినపడుతున్నాయి.

"అమ్మా, నాకు రెండు రోజులు ఇయ్యి," అంది సమాహ్. "రుజువు చేతిలో పెట్టుకుని..."

"రుజువు నీకు కావాలి. నాకెందుకు?"

తఫీదా లేచి, మొహం కడుక్కుని, నల్ల ముసుగు సర్దుకుంది. పగ తీరేదాకా పుచ్చుకోకూడదని సయీదీల ఆచారం గనుక, కొడుకు పోయిన నాటి నుంచి ఆమె ఎవరి పరామర్శా పుచ్చుకోలేదు. గుమ్మం దాకా నడిచి, వాకిట్లోకి చూసి పిలిచింది. అంత మెత్తటి గొంతు సమాహ్ తల్లి నోట ఎన్నడూ వినలేదు.

"దియాబ్! నా కొడుకు పరామర్శ నీ దగ్గర్నుంచే మొదలెడతా. లోపలికి రా నాయనా. తుపాకీ బయట పెట్టి రా, దుఃఖం పుచ్చుకునే ఇల్లు."

చేతులు కడుక్కున్న చప్పుడు, తుపాకీ గోడకు ఆనించిన చప్పుడు వినిపించాయి. దియాబ్ కళ్ళు తుడుచుకుంటూ గడప మీద కాలు పెట్టాడు. తఫీదా అతనికి దారి ఇస్తూ, కూతురి వైపు తిరిగి చూడకుండానే చెప్పింది.

"బాబాయి లోపలికొచ్చాక తలుపు గడియ వెయ్యి, సమాహ్. నువ్వూ లోపలే, నా పక్కనే ఉండు."